పాత చీర ఏ బట్టో గుర్తించడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ట్రంకుపెట్టె అడుగున, బీరువా పై అరలో ఏళ్ళ తరబడి ఉండిపోయిన చీరలు బయటికి తీసినప్పుడు వచ్చే సందేహాలకు ఇక్కడ జవాబులున్నాయి. ఎక్కువగా చీరల సంగతే. రవికెలకు, పరికిణీలకు, ఓణీలకు కూడా ఇవే పద్ధతులు పనికొస్తాయి. విదేశాల్లో ఉన్నవాళ్ళ కోసం అక్కడి పాత గౌన్ల గురించి కూడా కొంత ఉంది.

ఇంట్లో అందరూ దాన్ని పట్టుచీర అనే అంటున్నారు. మళ్ళీ పరీక్ష ఎందుకు?

ఇంట్లోవాళ్ళు చీరను గుర్తుపెట్టుకునేది సందర్భాన్ని బట్టి. పెళ్ళిలో కట్టారు కాబట్టి పట్టు, మెరుస్తోంది కాబట్టి పట్టు, అప్పట్లో ఎక్కువ డబ్బు పోసి కొన్నారు కాబట్టి పట్టు. దుకాణాల్లో ఆర్ట్ సిల్క్ పేరుతో అమ్మిన చీరలు చాలావరకు కలప గుజ్జు నుంచి తీసే రేయాన్‌వి. వాటిలో పట్టుపురుగు తీసిన పోగు ఒక్కటీ ఉండదు. దీనికి తలకిందులుగా జరిగేదీ ఉంది. రంగు వెలిసి, దుమ్ము తుడవడానికి చింపబోయే చీర సన్నని వెంకటగిరి నూలు చీర కావచ్చు.

ఏ బట్టో తెలియకపోతే ఉతకడం, ఇస్త్రీ చేయడం, చిరుగు కుట్టించడం, అమ్మడం అన్నీ గుడ్డిగా చేయాల్సి వస్తుంది. రేయాన్ తడిస్తే సగానికి సగం బలం కోల్పోతుంది. నూలు తడిస్తే ఇంకా గట్టిపడుతుంది. ఈ రెండిటినీ ఒకే బకెట్లో నానబెట్టి ఒకేలా పిండితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఒక్క మాట ముందే మనసులో పెట్టుకోండి. ఒక చీరలో ఒకే రకం పోగు ఉంటుందని అనుకోవద్దు. ఈ పేజీలో మిగతా జవాబులన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

సరే, చీర ముందు పెట్టుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

నడుము దగ్గర దోపుకునే లోపలి కొసతో మొదలుపెట్టండి. అక్కడ ఎండ తగలదు, అరుగుదల తక్కువ, ఒకటి రెండు పోగులు లాగినా పైకి కనపడదు. ఆ కొసన పడుగు పోగు (చీర పొడవునా సాగేది) ఒకటి, పేక పోగు (అడ్డంగా సాగేది) ఒకటి, అంచులోంచి ఒకటి విడివిడిగా తీయండి. తరవాత కొంగు వైపు వెళ్ళి అక్కడి పడుగు, పేక కూడా వేరుగా తీయండి. తీసిన ప్రతి పోగునూ తెల్లకాగితం మీద అంటించి, అది ఎక్కడిదో పక్కన రాయండి. ఈ పని విసుగ్గానే ఉంటుంది. అయినా దీన్ని వదిలేసిన చోటే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి.

కొంగు చివర ముడులు వేసిన కుచ్చుల నుంచి పోగు తెంపి, అదే చీర మొత్తానికీ సాక్ష్యం అనుకోవడం అందరూ చేసేదే. కుచ్చుల్లో ఉండేవి పడుగు పోగులు మాత్రమే, పేక సంగతి అవి చెప్పలేవు. పైగా కొన్ని కంచి, గద్వాల చీరల్లో కొంగుకు వేరే పడుగు అతికి నేస్తారు. అప్పుడు ఆ కుచ్చులు చీర ఒంటి పడుగు సంగతి కూడా చెప్పవు.

ఫాల్ కుట్టి ఉంటే దాని కుట్టు రెండంగుళాలు విప్పి లోపల చూడండి. చీర అసలు రంగు, అసలు మెరుపు అక్కడ మిగిలి ఉంటాయి. రవికె అయితే లోపల వదిలిన కుట్టుబట్ట చాలు.

జార్జెట్, క్రేప్, షిఫాన్, శాటిన్, వాయిల్ అంటారు. ఇవి పట్టా, నూలా?

రెండూ కావచ్చు, రెండూ కాకపోవచ్చు. ఇవి పోగు పేర్లు కావు, నేత పేర్లు. బాగా పురి పెట్టిన పోగుతో నేసి, ముట్టుకుంటే ఇసుక ఇసుకగా తగిలేది జార్జెట్. అది పట్టుదీ కావచ్చు, రేయాన్‌దీ నైలాన్‌దీ పాలిస్టర్‌దీ కావచ్చు. శాటిన్ అంటే పడుగు పోగులు ఎక్కువ దూరం పైకి తేలేలా నేసి మెరుపు తెచ్చిన బట్ట, అంతే. వాయిల్ ఒక్కటి కొంత నమ్మదగినది. మన దగ్గర ఫుల్ వాయిల్ చీర అంటే చాలావరకు నూలే, కానీ తరవాతి రోజుల్లో పాలిస్టర్ కలిపిన వాయిళ్ళు కూడా వచ్చాయి.

అందుకే "అది జార్జెట్ అండీ" అని ఎవరైనా చెబితే సగం జవాబే దొరికినట్టు. ఏ పోగుతో నేసిన జార్జెట్ అన్నది మిగిలిన సగం. ధరలో, మన్నికలో ఉన్న తేడా ఆ రెండో సగంలోనే ఉంటుంది.

కాల్చి చూసే పరీక్ష ఎలా చేయాలి?

చీర అంచును అగ్గిపుల్ల దగ్గరికి తీసుకెళ్ళి కాదు. ఇలా చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి. లాగిన పోగులు నాలుగైదు కలిపి పురిపెట్టి, రెండంగుళాల ముక్క చేసుకోండి. స్టీలు పళ్ళెం, పక్కన గ్లాసుడు నీళ్ళు, వేళ్ళు కాలకుండా పట్టుకోవడానికి చిన్న పట్టకారు, ఒక కొవ్వొత్తి ఉంటే చాలు. ఫ్యాను ఆపండి. కుక్కర్ పొంగుతున్న వంటగదిలో ఈ పని పెట్టుకోవద్దు, వాసన పట్టుకోవడమే ఇక్కడ సగం పని. పోగును మంట పక్కకు మెల్లగా తెచ్చినప్పుడు, మంటలో పెట్టినప్పుడు, బయటికి తీసినప్పుడు ఏమవుతోందో విడివిడిగా గమనించండి.

నూలు పోగు మంటకు జంకదు. వెంటనే అంటుకుని పసుపుపచ్చ మంటతో కాలుతుంది, మంట ఆరాక కూడా కొనలో నిప్పు కాసేపు పాకుతూ ఉంటుంది. కాలిన కాగితం వాసన వస్తుంది. మిగిలేది వేలితో తాకితే పొడైపోయే మెత్తని బూడిద. రేయాన్ కూడా అచ్చం ఇలాగే కాలుతుంది. కొంచెం వేగంగా కాలి, ఇంకా తక్కువ బూడిద మిగులుస్తుంది. కాల్చి మాత్రమే ఈ రెండిటినీ విడదీయడం కష్టం, దానికి వేరే పరీక్ష ఉంది.

పట్టు పోగు మంటను చూడగానే ముడుచుకుని వెనక్కి పోతుంది. అంటుకున్నా నెమ్మదిగా కాలుతుంది, బయటికి తీస్తే చాలాసార్లు దానంతట అదే ఆరిపోతుంది. వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. చివర్లో నల్లని చిన్న గుండు మిగులుతుంది, నలిపితే పొడి అవుతుంది. ఉన్ని కూడా ఇంతే, వాసన ఇంకా ఘాటుగా ఉంటుంది.

నైలాన్, పాలిస్టర్ కాలడానికి ముందే కరుగుతాయి. కరిగి చల్లారాక గోటితో నలగని గట్టి పూస మిగులుతుంది. పాలిస్టర్‌ది నల్లటి పొగ, కాస్త తియ్యని రసాయనపు వాసన. కరిగిన చుక్క చర్మం మీద పడితే అంటుకుని కాలుస్తుంది, అందుకే ఆ పట్టకారు, ఆ నీళ్ళు. పూర్వం పొయ్యి దగ్గర నైలాన్ చీర కట్టుకోవద్దని పెద్దవాళ్ళు అరిచేది కూడా ఇందుకే.

రేయాన్‌కు చుట్టమైన అసిటేట్ మధ్యరకం. కాలుతూనే కరుగుతుంది, ముక్కుకు వెనిగర్ లాంటి పులుపు తగులుతుంది, గట్టి నల్ల పూస మిగులుతుంది.

కాలిస్తే వెంట్రుకల వాసనా వచ్చింది, కాగితం వాసనా వచ్చింది. ఏమనుకోవాలి?

పడుగు ఒకటి, పేక ఒకటి అయి ఉంటుంది. రెండిటినీ కలిపి కాల్చి ఉంటారు, మళ్ళీ విడివిడిగా చేయండి. పడుగు పట్టు, పేక నూలు, లేదా అటుదిటుగా నేసిన చీరలు తెలుగు నేలలో కొత్త కాదు. దుకాణాల్లో వీటినే సీకో చీరలంటారు.

పోగులు విడివిడిగా కాల్చినా రెండు వాసనలు వస్తే ఒకే పోగులో రెండు పీచులు కలిసి ఉండవచ్చు. టెరికాట్ అలాంటిదే, పాలిస్టరూ నూలూ కలిపి వడికిన పోగు. కాల్చినప్పుడు కాగితం వాసన వస్తుంది, బూడిదలో మాత్రం నలగని గింజ తగులుతుంది. గంజి బాగా పట్టించిన పట్టు కూడా కొద్దిగా కాగితం వాసన ఇస్తుంది. అనుమానంగా ఉంటే పోగును గోరువెచ్చని నీళ్ళలో కడిగి, పూర్తిగా ఆరాక మళ్ళీ చేయండి.

కాల్చడం ఇష్టం లేదు. వేరే దారి ఉందా?

ఉంది. నిజానికి కాల్చడానికి ముందే చేయాల్సిన పనులివి. పోగు ఒకటి తీసి, దాని పురి విప్పి, రెండు చేతులతో మెల్లగా లాగండి. నూలు పీచు పొట్టిది, రెండు మూడు సెంటీమీటర్లు. అందుకే పురి విప్పగానే జారి విడిపోతుంది, తెగిన చోట నూగుగా కనిపిస్తుంది. పట్టు పీచు ఒక్క గూటి నుంచే వందల మీటర్ల పొడవున వస్తుంది. అందువల్ల పురి విప్పినా విడిపోదు, తెగేదాకా లాగాల్సిందే. నగల దుకాణాల్లో వాడే పది రెట్ల భూతద్దం ఉంటే తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఫోను కెమెరాలో పెద్దది చేసి చూసినా కొంత తెలుస్తుంది.

మెరుపును ట్యూబులైటు కింద చూడొద్దు, పగటి వెలుగులో చూడండి. పట్టు మెరుపు చీరను వంచిన కొద్దీ లోపలి నుంచి మారుతుంది. పడుగు, పేక వేరు రంగులైతే రెండు ఛాయలు ఆడతాయి. రేయాన్, పాలిస్టర్ మెరుపు ఎటు తిప్పినా ఒకేలా తెల్లగా కొడుతుంది. నూలులో కూడా మెరిసేది ఒకటుంది, మెర్సరైజ్డ్ నూలు. కాస్టిక్ సోడాలో బిగించి పట్టి తీసిన ఈ పోగును చూసి పట్టు అని మోసపోవడం చాలా సులువు. పాత నారాయణపేట, మంగళగిరి చీరలు చేతికి వచ్చినప్పుడు ఈ అనుమానం ఉండటం మంచిది.

బట్టలకు వాడే బ్లీచు ద్రావణం కూడా మంచి సాక్షే. చిన్న గాజుగిన్నెలో కొంచెం పోసి, పోగు అందులో వేయండి. పట్టు, ఉన్ని కాసేపటికి కరిగిపోతాయి. నూలు, రేయాన్, నైలాన్, పాలిస్టర్ రంగు పోయినా మిగులుతాయి. కిటికీలు తెరిచి పెట్టండి, టాయిలెట్ శుభ్రం చేసే యాసిడ్‌ను మాత్రం ఆ దరిదాపులకు రానివ్వకండి. ఆ రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది.

రేయాన్‌ను పట్టు నుంచి, నూలు నుంచి ఎలా విడదీయాలి?

పట్టు నుంచి విడదీయడానికి వాసన చాలు. నూలు నుంచి విడదీయడానికి ఉమ్మి చాలు. పోగు మధ్యలో నాలుకతో తడిపి రెండు వైపులా లాగండి. తడిసిన చోటే టక్కున తెగితే రేయాన్. నూలైతే అక్కడ గట్టిగా నిలబడి, పొడిగా ఉన్నచోట తెగుతుంది. ఖర్చులేని ఈ పరీక్ష ఎన్నో అనుమానాలను అక్కడికక్కడే తీరుస్తుంది.

రేయాన్ చీర చేతికి చల్లగా, బరువుగా, జారుడుగా ఉంటుంది. నలిపితే ముడతలు పడి అలాగే ఉండిపోతాయి. కలప గుజ్జు నుంచి తీసే ఈ పోగుకు బ్రిటన్‌లో 1892లో పేటెంటు తీసుకున్నారు. మన దేశంలో తొలి రేయాన్ కర్మాగారం కేరళలోని పెరుంబావూరులో, ట్రావన్‌కోర్ రేయాన్స్ పేరుతో 1950లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అంతకు ముందు వచ్చినదంతా దిగుమతి సరుకే. తెలుగు నేలకూ ఈ కథలో చోటుంది. సిర్పూర్ కాగజ్‌నగర్‌లోని సర్‌సిల్క్ మిల్లు అసిటేట్ రేయాన్ తీసేది. అది మూతపడి దశాబ్దాలైంది గానీ దాని పోగు పాత పెట్టెల్లో ఇంకా ఉండే ఉంటుంది.

అసిటేట్ అని అనుమానం వస్తే గోళ్ళ రంగు తుడిచే ద్రావణం తెచ్చుకోండి. సీసా మీద అసిటోన్ అని రాసి ఉండాలి, అసిటోన్ లేని రకాలు పనికిరావు. పోగును అందులో వేస్తే జిగురుగా మారి కరిగిపోతుంది. మామూలు రేయాన్‌కు ఏమీ కాదు. ఈ పరీక్షను చీర మీద నేరుగా చేస్తే మిగిలేది చిల్లు.

మా నాయనమ్మ పెళ్ళిచీర అంటున్నారు, కానీ పోగు కరిగి పూస కట్టింది. ఎలా సాధ్యం?

పెళ్ళి ఎప్పుడు జరిగిందన్నదే ప్రశ్న. నైలాన్‌ను అమెరికాలో డ్యూపాంట్ సంస్థ 1930ల్లో తయారుచేసింది, మేజోళ్ళ రూపంలో 1940లో దేశమంతటా అమ్మకానికి పెట్టింది. పాలిస్టర్‌ను ఇంగ్లండులో 1941లో కనుగొన్నారు, టెరిలిన్ పేరు ఆ తరవాతది. మన దేశంలో ఈ రెండిటి ఉత్పత్తీ 1960ల్లో ఊపందుకుంది. కాబట్టి 1935 పెళ్ళిలో పాలిస్టర్ చీర ఉండే వీలే లేదు. పెళ్ళి 1968లో జరిగి ఉంటే మాత్రం ఆశ్చర్యపడాల్సిన పనిలేదు. అప్పట్లో నైలాన్, టెరిలిన్ చీరలు చవకబారు సరుకు కావు. ఇస్త్రీ అక్కర్లేదు, ఇలా ఉతికితే అలా ఆరిపోతాయి, పైగా విదేశీ సరుకు దొరకడమే గొప్ప. సింగపూర్ నుంచో బొంబాయి నుంచో ఎవరో తెచ్చిన నైలాన్ జార్జెట్‌ను పెట్టెలో పట్టుచీరల మీద పెట్టుకున్న ఇళ్ళున్నాయి. దాన్ని ఈనాటి పాలిస్టర్ ధరతో తూచడం అన్యాయం.

అసిటేట్ కూడా కరుగుతుందని మరవద్దు. అది నైలాన్ కన్నా పాతది. కరిగింది కదా అని తేదీ నిర్ణయించే ముందు అసిటోన్ పరీక్ష చేయండి.

ఉంగరంలోంచి దూరితే అసలు పట్టేనా?

కాదు. సన్నని బట్ట ఏదైనా దూరుతుంది. నైలాన్ షిఫాన్ ఇంకా సులువుగా దూరుతుంది. సిరిసిల్ల నేతగాళ్ళు అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి చూపించింది వాళ్ళ చేతి సన్నదనానికి గుర్తు, బట్ట ఏదో తేల్చే కొలత కాదు.

గద్వాల, వెంకటగిరి, ఉప్పాడ, పోచంపల్లి... ఊరిపేరు తెలిస్తే బట్ట తెలిసినట్టేనా?

కొంతవరకే. ఊరిపేరు ఎక్కడ వెతకాలో చెబుతుంది, ఏం దొరుకుతుందో చెప్పదు.

గద్వాల చీర దీనికి మంచి ఉదాహరణ. పాత పద్ధతిలో ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు రకాల పోగులనూ నేతలోనే ఒకదానిలో ఒకటి మెలివేసి కలుపుతారు, కుప్పడం అంటే ఆ కలపడమే. అంచు నుంచి పోగు తీసి కాల్చినవాళ్ళు మొత్తం పట్టు అని తేలుస్తారు, ఒంట్లోంచి తీసినవాళ్ళు నూలు అంటారు. ఇద్దరూ సగమే చూశారు. అంచూ ఒళ్ళూ కలిసే చోట చీరను తిప్పి వెనక నుంచి చూడండి, రెండు రంగుల పేక పోగులు ఒకదానికొకటి చిక్కుకుని వెనుదిరగడం కనిపిస్తుంది. ఆ తరవాత ఒంటికి కూడా పట్టే వాడిన గద్వాల చీరలు వచ్చాయి, కాబట్టి నూలు ఒళ్ళు కనపడలేదని నకిలీ అనకండి.

వెంకటగిరిది సన్నని నూలు. నూరో నెంబరు నూలుతో (నెంబరు పెరిగే కొద్దీ నూలు సన్నం) నేసిన పాత చీరను చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు, అందుకే కొందరు పట్టు అని పొరబడతారు. బుటాలను నేతలోనే చేత్తో వేసే ఉప్పాడ జాందానీ మొదట నూలే, పట్టు తరవాత వచ్చింది. పోచంపల్లిలో పట్టు నేత 1970ల నుంచి పెరిగింది. అంతకు ముందటి చిటికి నేత (పోగులకు ముందే ముడులు కట్టి రంగు వేసి నేసే ఇక్కత్) అంటే నూలే అనుకోవచ్చు. ధర్మవరం మాత్రం బరువైన పట్టుకు పేరు పడింది.

పొందూరు ఖద్దరుకు ఎవరి సాక్ష్యమూ అక్కర్లేదు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చేత్తో వడుకుతారు. వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే పడుగులోనూ పేకలోనూ పోగు సన్నం లావు అవుతూ కనిపిస్తుంది, అయినా బట్ట మెత్తగా ఉంటుంది. మిల్లు నూలుతో మగ్గం మీద నేసిన బట్టలో ఆ హెచ్చుతగ్గులు ఉండవు.

పెట్టెలో ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో చతురస్రపు బట్ట దొరికి, ఇంకా నూనె వాసన కొడుతుంటే అది తేలియా రుమాలు కావచ్చు. చీరాల వైపు, తరవాత పుట్టపాకలో నేసిన ఈ నూలు బట్టకు రంగు పట్టేందుకు నూనె, ఆముదపు కాయల బూడిద వాడతారు. ఆ వాసన పోవాలని సబ్బుతో రుద్దకండి, గుర్తింపుకు అదే ఆధారం.

పైకి పట్టులా మెరుస్తోంది, లోపలివైపు నూలులా ఉంది. ఇదేమిటి?

మష్రూ కావచ్చు. పట్టు పడుగు పైకి తేలేలా, నూలు పేక ఒంటికి తగిలేలా నేసిన శాటిన్ బట్ట అది. ముస్లిం మగవాళ్ళకు పట్టు ఒంటికి తగలకూడదన్న నియమం ఉండటంతో ఈ నేతకు ఆదరణ వచ్చింది. నిజాం కాలపు హైదరాబాద్ ఇళ్ళలో షేర్వానీలు, పైజామాలు, రవికెల రూపంలో కనిపిస్తుంది. తరవాతి రోజుల్లో పట్టుకు బదులు రేయాన్ పడుగు వాడారు, కాబట్టి పైపోగును కాల్చి చూడాల్సిందే.

జరీ అసలుదా కాదా తెలుసుకోవడం ఎలా?

అసలు జరీ అంటే పట్టుపోగు చుట్టూ సన్నగా సాగగొట్టిన వెండి తీగ చుట్టి, దాని మీద బంగారు పూత వేసినది. సూరత్ దీనికి పెట్టింది పేరు. ఆ తరవాతి మెట్టు రాగి తీగ మీద వెండి, బంగారు రంగు పూత, దీన్ని టెస్టెడ్ జరీ అంటారు. ఆఖరి మెట్టు ప్లాస్టిక్ పొర మీద లోహపు పూత పూసి దారంలా కోసినది. ఇది రెండో ప్రపంచ యుద్ధం తరవాత పుట్టింది, పాత చీరలో కనిపిస్తే తేదీకీ ఆధారమే.

జరీ పోగు ఒక అంగుళం తీసి, పైన చుట్టిన తీగను గోటితో విప్పండి. లోపలి పోగు ఎర్రగానో పసుపుపచ్చగానో ఉండి, విడిగా కాల్చినప్పుడు వెంట్రుకల వాసన ఇస్తే శుభసూచన. తీగను గరుకు రాయి మీద గీకితే కింద తెల్లగా కనిపించినది వెండి, ఎర్రగా కనిపించినది రాగి. మంటలో పెడితే ముడుచుకుని పూసగా మారినది ప్లాస్టిక్. జరీ నల్లబడిందని బెంగ వద్దు. వెండి గాలికి నల్లబడుతుంది, అది మంచి గుర్తే. మడత చోట ఎర్రటి ఛాయ, పచ్చటి చిలుము కనిపిస్తే రాగి. నల్లబడిన జరీని చింతపండుతోనో ఉప్పుతోనో తోమమని చెప్పేవాళ్ళను చీర దగ్గరికి రానివ్వకండి. అది పూజసామగ్రి కాదు, కింద పట్టుంది.

ఇక్కడ కూడా అంచు ఒకటి, కొంగు ఒకటి కావచ్చు. బుటాలు మూడోది కావచ్చు. మూడు చోట్లా చూడండి.

పాత పట్టుచీరలు కొంటామని వచ్చేవాళ్ళకు అమ్మవచ్చా?

మీ చీర, మీ ఇష్టం. ఒక్కటి తెలుసుకుని అమ్మండి. వాళ్ళలో చాలామందికి కావాల్సింది చీర కాదు, వెండి. జరీని కాల్చి లోహం తీసుకుంటారు. తూకం లెక్కన ధర కడతారు, నేతకు పైసా కట్టరు. జరీ టెస్టెడ్ అని వాళ్ళు పెదవి విరిస్తే వెంటనే ఒప్పుకోకండి, మీరే ముందుగా గీకి చూసి ఉంచుకోండి. నా దృష్టిలో చినిగిన చీరకైనా అంచు, కొంగు విడదీసి వేరే బట్టకు వేయించుకోవడం మేలు. ఒకప్పుడు స్టీలు గిన్నెల కోసం ఇచ్చేసిన జరీచీరల లెక్క ఏ ఇంట్లో తీసినా బాధే.

చేనేతా, మిల్లు బట్టా?

రెండు అంచుల పక్కనా క్రమంగా, చిన్నచిన్న సూదిచిల్లులు వరుసగా కనిపిస్తే మగ్గం మీద నేసినప్పుడు బట్ట ముడుచుకోకుండా వెడల్పుగా పట్టి ఉంచే బద్ద మొనలు గుచ్చుకున్న గుర్తులవి. మరమగ్గాల బట్టలో కూడా కొన్నిసార్లు ఇలాంటి గుర్తులు ఉంటాయి, అక్కడ అవి యంత్రం తీరుగా సమానంగా పడతాయి. చేనేతలో వాటి దూరం కాస్త తేడాగా ఉంటుంది. చీర వెనక్కి తిప్పి బుటా చూడండి. జాందానీలో వెనకా ముందూ దాదాపు ఒకేలా, శుభ్రంగా ఉంటుంది. యంత్రం బుటాలో వెనక పోగులు వదులుగా సాగి ఉంటాయి, లేదా కత్తిరించిన కొసలు కనిపిస్తాయి.

ఎన్నేళ్ళ నాటిదో చెప్పగలమా?

పోగు నుంచి "దీనికి ముందుది కాదు" అని మాత్రమే చెప్పగలం, కచ్చితమైన ఏడాది చెప్పలేం. మిల్లు చీర కొసన సిరా ముద్ర మిగిలి ఉంటే అదృష్టం, మిల్లు పేరూ కొలతా అందులో ఉంటాయి. కొలత గజాల్లో ఉందా మీటర్లలోనా చూడండి. మన దేశంలో మీటర్లు 1950ల చివరి నుంచి దశలవారీగా వచ్చాయి. మైసూర్ సిల్క్ చీర అంటే, అవి నేసే ఆ కర్మాగారం పుట్టింది 1912లో. అసలు పట్టు అని ధ్రువీకరించే సిల్క్ మార్క్ చీటీ 2004లో మొదలైంది, కాబట్టి పాత చీరకు అది లేకపోవడం లోపం కాదు.

విదేశంలో పాత బట్టల దుకాణంలో గౌను కొన్నాను. అదే పద్ధతా?

పోగు పరీక్షలన్నీ అవే. లోపలి కుట్టుబట్ట నుంచి పోగు తీయండి, పైబట్ట, లోపలి అస్తరు వేర్వేరుగా చూడండి. అస్తరు చాలాసార్లు అసిటేట్. అదనంగా చీటీలు సహాయపడతాయి. అమెరికాలో ఏ పీచు ఎంత శాతమో రాయాలన్న చట్టం 1958లో వచ్చి 1960లో అమల్లోకి వచ్చింది. ఉతికే సూచనల చీటీ 1972 నుంచి తప్పనిసరి అయింది. బ్రిటన్ గౌనులో సీసీ41 అన్న ముద్ర ఉంటే యుద్ధకాలపు పొదుపు పథకం కిందిది, 1941 నుంచి 1952 లోపుది. చీటీ కత్తిరించేసి ఉండవచ్చు కాబట్టి, లేదు కదా అని పాతదని తేల్చవద్దు.

1890ల నుంచి 1920ల దాకా వచ్చిన పట్టు గౌన్లు ముట్టుకుంటే నిలువునా చీలిపోతుంటాయి. పట్టు జిగురు తీశాక బరువులో దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి తగరపు లవణాలు పట్టించేవారు, అవే తరవాత పోగును తినేశాయి. అలాంటి పోగును కాలిస్తే పొడి గుండు కాకుండా, పోగు ఆకారంలోనే నిలిచిన బూడిద మిగులుతుంది. దానికి మరమ్మతు లేదు. తగిలించకుండా పరిచి ఉంచడమే చేయగలిగింది.

మా పట్టుచీర కూడా మడతల్లో చిట్లుతోంది. అదే జబ్బా?

కాకపోవచ్చు. మన చీరల్లో మామూలు కారణాలు మూడు: ఏళ్ళపాటు ఒకే మడత, చెమట, ఎండ. జరీ తీగ ఉన్నచోట మడత పడితే అది పక్కనున్న పట్టుపోగును కోస్తుంది. అప్పుడప్పుడూ తీసి మడతలు మార్చి, పాత నూలు పంచెలో చుట్టండి. ప్లాస్టిక్ సంచి వద్దు. కలరా ఉండలు వేసేటట్లయితే చీరకు తగలకుండా గుడ్డలో కట్టి వేయండి.

ఇంట్లో చేసిన పరీక్షలతో తేలలేదు. ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

కేంద్ర పట్టు బోర్డు కింద పనిచేసే సిల్క్ మార్క్ కేంద్రాల్లో పట్టు అవునో కాదో పరీక్షిస్తారు. బట్టల పరీక్షశాలల్లో సూక్ష్మదర్శినితో, రసాయనాలతో కలగలుపు పోగుల శాతం కూడా తేలుస్తారు. అక్కడికి తీసుకెళ్ళేటప్పుడు కూడా పడుగు, పేక, అంచు, కొంగు వేరువేరు కవర్లలో ఇవ్వండి. లేకపోతే వాళ్ళు ఇచ్చే చీటీ కూడా మీరిచ్చిన ఒక్క ముక్క గురించే మాట్లాడుతుంది.

తెలిసిన వివరాలు ఎక్కడ రాసి ఉంచాలి?

చిన్న కాగితం మీద పెన్సిలుతో రాసి, చీరతోపాటు పంచె మడతలో పెట్టండి. ఏ చోటి పోగు ఏమని తేలింది, చీర ఎవరిది, ఎప్పుడు కొన్నారు అన్నవి ఉంటే చాలు. బాల్‌పెన్ను సిరా తేమకు బట్ట మీదికి దిగుతుంది. కాగితాన్ని చీరకు గుండుసూదితో గుచ్చవద్దు, తుప్పు మరక పడితే వదలదు.